తలకు తగిన శిరస్త్రాణం

ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 22:8



ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చే వేళ ఏ పల్లె మందిరం ఎదుటనైనా ఒక్క నిమిషం నిలబడి చూడండి. వేపచెట్టు క్రింద పదీ ఇరవై మోటారు సైకిళ్ళు ఉంటాయి. ఒక్కొక్క బండి మీద ముగ్గురు, నలుగురు బయలుదేరుతారు. పెట్రోలు ట్యాంకు మీద చిన్న బిడ్డ, నడిపే తండ్రి, మధ్యలో ఇంకొక బిడ్డ, వెనుక ఒక ప్రక్కకు తిరిగి కూర్చున్న తల్లి, ఆమె ఒడిలో బైబిలు సంచి. నాలుగు తలలకు హెల్మెట్ ఉంటే ఒక్కటి ఉంటుంది. అదైనా తరచుగా తల మీద ఉండదు, బండి అద్దానికి వ్రేలాడుతూ ఉంటుంది. మెయిన్ రోడ్డు మలుపులో పోలీసువారు ఉన్నారని తెలిస్తే తల మీదికి ఎక్కుతుంది. వారిని దాటగానే మళ్ళీ అద్దానికి చేరుతుంది.

ఎవరినీ నిందించుటకు ఈ మాట వ్రాయడం లేదు. ప్రాణము మీద ప్రీతి లేనివారు ఎవరుంటారు? కొనాలని మనసు ఉన్నవారు కూడా దుకాణం ముందు నిలబడి తికమకపడుతున్నారు. "అయ్యగారూ, ఇన్ని రకాలున్నాయి, ఏది కొనమంటారు?" అని యౌవనస్థులు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు.

పిట్టగోడ కట్టించిన దేవుడు

క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలని ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ ఉంది. పైనుండి ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివాని మీదికి వస్తుందని దేవుడు హెచ్చరించాడు. గమనించండి: నీవు నా ప్రజవు గనుక నీ మిద్దె మీదనుండి ఎవరూ పడరు అని ఆయన అనలేదు. పడే అవకాశం ఉంది గనుక గోడ కట్టు అన్నాడు. ముందుజాగ్రత్త అవిశ్వాసం కాదు, అది విధేయత.

కొందరు విశ్వాసులు "91వ కీర్తనే మాకు హెల్మెట్" అంటారు. ఆ కీర్తనలోని వాగ్దానాన్నే చూపించి, దేవాలయ శిఖరం మీదనుండి దూకమని సాతాను మన ప్రభువును శోధించాడు. దేవుని శోధింపకూడదని చెప్పి ప్రభువు ఆ మాటను త్రోసివేశాడు (మత్తయి 4:5-7). దేవదూతల కాపుదలను యేసుప్రభువు ఎరుగని వాడా? అయినా ఆయన దూకలేదు. చేతికి అందే రక్షణను కాదని బండి ఎక్కి, తరువాత దేవుని కాపుదలను అడగడం ఎంతవరకు సబబో మనమే ఆలోచించుకోవాలి.

ఎంతమంది పడిపోతున్నారు?

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్క ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు 50,029 మంది. ఈ యాభై వేలలో 35,692 మంది బండి నడిపినవారు, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఆ వెనుక కూర్చున్నవారిలో భార్యలు ఎందరో, బిడ్డలు ఎందరో, వృద్ధులైన తల్లిదండ్రులు ఎందరో!

వివిధ దేశాలలో జరిగిన 61 పరిశోధనలను ఒకచోట చేర్చి 2008లో వైద్య నిపుణులు పరిశీలించారు. హెల్మెట్ వలన ప్రమాదంలో మరణించే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతున్నట్లు తేలింది. హెల్మెట్ ఉంటే ఎవరూ చనిపోరని దీని అర్థం కాదు. కాని మరణానికీ మనకూ మధ్య అంత బలమైన పిట్టగోడ మరొకటి లేదు.

మన తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో మోటారు సైకిలు జారి పడిపోయారు. నెలకు పైగా ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. ఆనాడు తలకు హెల్మెట్ ఉన్నందువల్లనే బ్రతికానని ఆ తరువాత సభలలో ఆయనే చెప్పి, యువకులను హెల్మెట్ పెట్టుకొమ్మని బ్రతిమాలారు.

హెల్మెట్ లోపల ఏముంది?

ఎన్నుకొనే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. బయటి గట్టి డొప్పే మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. డొప్ప చేసే పని కొంతే. దెబ్బను ఒకేచోట దిగనీయకుండా నలుప్రక్కలకు పంచుతుంది. రోడ్డు మీద రాపిడి తలకు తగలనీయదు. అసలు పని చేసేది దాని లోపలి దళసరి థర్మోకోల్ పొర.

కోడిగుడ్లను సంతకు పంపేటప్పుడు బుట్టలో ఊక పోసి పంపుతాం. ఇనుప డబ్బాలో ఒట్టిగా పెట్టి పంపితే డబ్బాకు సొట్ట పడకపోయినా లోపల గుడ్లు మిగలవు. తల విషయమూ అంతే. తల నేలకు కొట్టుకున్నప్పుడు థర్మోకోల్ నలిగిపోతూ ఆ దెబ్బను తాను మ్రింగుతుంది. తల ఒక్కసారిగా ఆగిపోకుండా కొద్దిగా నెమ్మదిస్తూ ఆగుతుంది. ఆ కొద్దిపాటి తేడాయే మెదడును కాపాడుతుంది.

"నేను నెమ్మదిగానే పోతాను, ఊళ్ళోకే గదా" అనేవారు ఒక లెక్క వినాలి. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు ఇంచుమించు ఐదు అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తునుండి పడిన తల నేల తాకేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బండి కదలకుండా నిలిచి ఉన్నా సరే, ఆ వేగం తప్పదు. ఒట్టి పుర్రె సిమెంటు రోడ్డుకు ఆ వేగంతో తగిలితే చాలు.

ఈ సంగతిని లోకం తెలుసుకున్నది ఒక మరణం ద్వారా. అరేబియా లారెన్సు అని పేరుపొందిన టి.ఇ. లారెన్సు 1935 మే 13న ఇంగ్లాండులో మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీద ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు రక్షణ ఏదీ లేదు. ఆరు రోజులకు చనిపోయాడు. అప్పటికి ఆయన వయస్సు 46 ఏళ్ళు. ఆయనను చూసిన వైద్యులలో మెదడు శస్త్రచికిత్స నిపుణుడు హ్యూ కైర్న్స్ ఒకరు. ఆ తరువాత ఆ డాక్టరు సైన్యంలో మోటారు సైకిళ్ళ మీద ఉత్తరాలు చేరవేసే సిపాయిల తల గాయాలను శ్రద్ధగా పరిశీలించి, 1941లో తన పరిశోధనను ప్రకటించాడు. ఆ సంవత్సరమే బ్రిటిష్ సైన్యం ఆ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒక మనిషిని బ్రతికించలేకపోయిన బాధ ఎన్నో ప్రాణాలకు మేలు అయినది.

ఏ రకం మంచిది?

సగం టోపీ హెల్మెట్: ఇది నడినెత్తిని మాత్రం కప్పుతుంది. చెవులు, కణతలు, తల వెనుక భాగం, ముఖం అన్నీ బయటే. రోడ్డు ప్రక్కన రెండు మూడు వందలకు దొరికే వాటిలో ఇవి ఎక్కువ. జరిమానా తప్పించుకొనుటకు కొనేవి ఇవే. తాపీ పనివారు పెట్టుకొనే పసుపు టోపీ కూడా బండికి పనికిరాదు. అది పైనుండి పడే ఇటుక ముక్కలకు చేసినది. క్రికెట్ హెల్మెట్ బంతికి చేసినది. ఏ పనికి చేసినది ఆ పనికే.

ఓపెన్ ఫేస్: తల, చెవులు, మెడ పైభాగం కప్పుతుంది, ముఖం తెరచి ఉంటుంది లేదా అద్దం మాత్రం ఉంటుంది. గాలి బాగా వస్తుంది, కళ్ళజోడు వారికి తేలిక. అయితే దవడకు, గడ్డానికి కాపు లేదు. జర్మనీలో హానోవర్ నగరంలో పరిశోధకులు ప్రమాదాలకు గురైన హెల్మెట్లను పరిశీలిస్తే, దెబ్బలలో సుమారు మూడవ వంతు గడ్డం భాగం మీదనే పడినట్లు కనిపించింది. బండి మీదనుండి మనిషి ముందుకు బోర్లా పడతాడు గదా! గొల్యాతుకు కూడా తలకు శిరస్త్రాణం ఉంది. కాని దావీదు రాయి నుదుట తగిలింది (1 సమూయేలు 17:5, 49). కప్పని చోటే దెబ్బ తగిలింది.

ఫుల్ ఫేస్: తల మొత్తం, గడ్డంతో సహా కప్పుతుంది. కాపుదల విషయంలో దీనిదే మొదటి స్థానం. ముఖానికి దుమ్ము, వాన, సాయంత్రం పూట పురుగులు కొట్టవు. మండల కేంద్రానికి, జిల్లా పట్నానికి హైవే మీద తిరిగేవారు, పాలు, కూరగాయలు తెల్లవారకముందే చేరవేసేవారు ఇదే కొనుక్కోవాలి. వేసవిలో ఉక్కగా ఉంటుంది, నిజమే. ముందు, వెనుక గాలి రంధ్రాలు ఉన్నది చూసి కొంటే కొంత నయం.

ఫ్లిప్ అప్: ఫుల్ ఫేస్ లాంటిదే, గడ్డం భాగం పైకి లేస్తుంది. దారిలో ఆగి మాట్లాడవలసినవారికి, కళ్ళజోడు వారికి, పెద్దవయసు వారికి అనుకూలం. బరువు, ధర కొంచెం ఎక్కువ. ఒక్క షరతు: బండి కదలగానే గడ్డం భాగం క్రిందికి దించి, టక్కుమని పడేలా మూయాలి. పైకి లేపుకొని పోతే ఓపెన్ ఫేస్‌కు ఎక్కువ ధర ఇచ్చి కొన్నట్టే.

ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి, నుదుటి మీద చూరు ఉన్న పందెపు హెల్మెట్లను కుర్రవాళ్ళు చూడముచ్చటగా ఉన్నాయని కొంటున్నారు. అవి మట్టిలో పందెాలకు చేసినవి. చాలావాటికి అద్దం ఉండదు, హైవే మీద వేగంగా పోతే చూరుకు గాలి పట్టి తలను వెనక్కు లాగుతుంది. అందుకని మన దారులకు అవి సరిపడవు.

కనుక మొదట ఫుల్ ఫేస్, వీలుకాకపోతే ఫ్లిప్ అప్, అదీ కుదరకపోతే మంచి ఓపెన్ ఫేస్. అయితే ఒక మాట. అద్దానికి తగిలించిన ఫుల్ ఫేస్ కంటే తల మీద పట్టీ బిగించిన ఓపెన్ ఫేస్ వేయి రెట్లు మేలు. మీరు ప్రతి దినం, ప్రతి ప్రయాణంలో నిజంగా ధరించేది ఏదో దానినే కొనండి.

సౌలు శిరస్త్రాణం దావీదుకు సరిపోలేదు

సౌలు రాజు తన రాగి శిరస్త్రాణాన్ని దావీదు తలకు పెట్టాడు. అది రాజుగారిది, మంచిదే అయి ఉంటుంది. కాని దావీదుకు అలవాటు లేదు, దానితో నడవలేక తీసివేశాడు (1 సమూయేలు 17:38-39). అన్నకు కొన్నది తమ్ముడు, తండ్రిది కొడుకు పెట్టుకొనే ఇళ్ళలో జరిగేది ఇదే. వదులు హెల్మెట్ పడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది.

కొలత తీసుకొనుట సులభం. దర్జీ టేపును కనుబొమలకు ఒక అంగుళం పైన, తల వెనుక ఎత్తుగా ఉన్నచోట చుట్టి కొలవండి. హెల్మెట్ లోపల 560, 580, 600 అని మిల్లీమీటర్లలో అంకెలు ఉంటాయి. అక్షరాలు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకంగా ఉండవచ్చు గనుక అంకెనే చూడండి. తరువాత తలకు పెట్టి ఈ నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి: బుగ్గలను మెత్తగా నొక్కాలి, నుదుటిని ఒకేచోట నొప్పి పుట్టించకూడదు. రెండు: హెల్మెట్‌ను చేతులతో అటు ఇటు త్రిప్పితే నుదుటి చర్మం దానితో కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారితే అది పెద్దది. మూడు: పట్టీ బిగిస్తే గడ్డం క్రింద ఒక వ్రేలు మాత్రం దూరాలి. నాలుగు: పట్టీ బిగించి, తల వంచి, వెనుకనుండి పైకి ముందుకు ఎవరినైనా లాగమనండి. ఊడివస్తే అది మీది కాదు, అక్కడే పెట్టేయండి. ఐదారు నిమిషాలు పెట్టుకొని చూడనీయని దుకాణంలో కొనవద్దు. క్రొత్తది కొద్దిగా బిగువుగా ఉండుట మంచిదే. లోపలి మెత్త వాడగా వాడగా కొంత సర్దుకుంటుంది.

ముద్ర చూడండి

2021 జూన్ 1 నుండి మన దేశంలో ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను తయారు చేయుట, అమ్ముట చట్టవిరుద్ధం. వెనుక వైపు ముద్ర ఉంటుంది. ముద్ర పైన ఐ.ఎస్. 4151 అనే అంకె, క్రింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. ఒట్టి స్టిక్కరు ఎవరైనా అతికించగలరు గనుక, ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో కొట్టి చూడండి. నిజమైనదైతే కంపెనీ పేరు వస్తుంది. మీ ఇంట్లో చదువుకొనే పిల్లలు క్షణంలో చూసిపెడతారు. లోపల వ్రేలితో నొక్కి చూడండి: గుడ్డ, స్పాంజి మాత్రమే ఉండి దళసరి థర్మోకోల్ లేకపోతే అది ఊక లేని బుట్ట. క్రొత్త బండి కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. హెల్మెట్ ఇవ్వాలనే నియమం ఉంది, మొహమాటపడక అడగండి.

రంగు విషయంలో కూడా ఆలోచించండి. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో జరిగిన పరిశోధన 2004లో వెలువడింది. నల్ల హెల్మెట్ వారికంటే తెల్ల హెల్మెట్ వారికి ప్రమాదంలో గాయపడే అవకాశం 24 శాతం తక్కువగా ఉన్నదని అందులో తేలింది. ఎదుటివారికి దూరంనుండే కనిపించుట దీనికి కారణం. వీధి దీపాలు లేని మన దారుల్లో, వెనుక లైటు లేని ట్రాక్టర్లూ ఇంటికి మళ్ళిన గేదెలూ తిరిగే సందెవేళ ఇది చిన్న సంగతి కాదు. అద్దం తెల్లనిదే తీసుకోండి. నల్ల అద్దం పగలు బాగుంటుంది. చీకటిపడితే రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్ప కూడా కనబడదు.

సైన్యమంతటికీ శిరస్త్రాణాలు

ఉజ్జియా రాజు తన ఒక్కని తలకే కాదు, సైన్యమంతటికీ శిరస్త్రాణాలు సిద్ధపరచాడని దినవృత్తాంతములలో చదువుతాం (2 దినవృత్తాంతములు 26:14). ఇంటి యజమాని చేయవలసినది ఇదే. వెనుక కూర్చున్న భార్యకు పట్టుకొనుటకు హ్యాండిల్ కూడా లేదు. గుంటలో బండి ఎగిరితే మొదట పడేది ఆమే. "పది నిమిషాల దారికి నాకెందుకండీ" అని ఆమె అన్నా, "కాదమ్మా, పెట్టుకో" అని చెప్పుట ప్రేమ. కొప్పు అడ్డమైతే జడను మెడ దగ్గరకు దించి కట్టుకుంటే సరిగా కూర్చుంటుంది. చీర కొంగు చక్రంలో పడకుండా నడుముకు దోపుకోవాలి. ఒక ప్రక్కకు తిరిగి కూర్చొనుట మానితే ఇంకా క్షేమం.

పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ హెల్మెట్ తప్పనిసరి. తప్పితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. తొమ్మిది నెలలనుండి నాలుగేళ్ళ లోపు బిడ్డలకు తలకు సరిపోయే చిన్న హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలనీ, బండి 40 కిలోమీటర్ల వేగం మించకూడదనీ 2022 ఫిబ్రవరిలో నియమం చేశారు. అది 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది. పెద్దవారి హెల్మెట్ బిడ్డ తలకు బోర్లించుట బిందె బోర్లించినట్టే. పిల్లల కొలత వేరుగా దొరుకుతుంది. అసలు బండి ఇద్దరి కొరకు చేసినది. నలుగురు వెళ్ళవలసి వస్తే రెండు విడతలుగా వెళ్ళండి, లేదా ఆటో ఎక్కండి. ఆరాధనకు పది నిమిషాలు ఆలస్యమైతే పాస్టరుగారు కోప్పడరు.

కొన్ని సాకులు

"చెవులు వినబడవు, ప్రక్కన కనబడదు" అంటారు. అమెరికాలో కాలిఫోర్నియాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుని బృందం 900 మోటారు సైకిలు ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. హెల్మెట్ వలన అవసరమైన శబ్దం వినబడకపోవుటగాని, చూపు తగ్గి ప్రమాదం జరుగుటగాని వారికి కనబడలేదు. వినబడనిది హెల్మెట్ వలన కాదు, చెవిలో పెట్టుకొన్న ఫోను వలన.

"జుట్టు రాలుతుంది, చెమట" అంటారు. లోపల ఒక పలుచని నూలు గుడ్డ కట్టుకోండి, రోజూ ఉతకండి. "డబ్బు లేదు" అనేవారి మాట మాత్రం నేను కొట్టివేయను. కూలి చేసుకొనే ఇంటికి రెండు హెల్మెట్లు భారమే. అందుకే సంఘాలకు ఒక మనవి: పెళ్ళికి బిందెలు, గడియారాలు బహుమానంగా ఇచ్చే బదులు క్రొత్త జంటకు రెండు మంచి హెల్మెట్లు ఇవ్వండి. స్త్రీల సమాజంలో నెలకు కొంచెం దాచి ఒకరి తరువాత ఒకరికి కొనిపెట్టండి. యౌవనస్థుల కూటమివారు ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి, పట్టీ బిగించనివారిని నవ్వుతూ ఆపండి.

భద్రపరచుకొనుట

హెల్మెట్‌ను కిరోసిన్, పెట్రోలు, టిన్నరుతో తుడవవద్దు, రంగు వేయవద్దు, డొప్ప బలహీనపడుతుంది. మామూలు సబ్బు నీరు చాలు. ఎండలో, పొయ్యి దగ్గర పెట్టవద్దు. గీతలు పడిన అద్దాన్ని మార్చండి. పడి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. నలిగినది మరల ఉబ్బదు. దానిని తమ్ముడికి ఇవ్వవద్దు, పట్టీ కోసి పారవేయండి. దెబ్బ తగలకపోయినా ఐదేళ్ళకొకసారి మార్చుట మంచిది. అదే కారణంచేత పాత హెల్మెట్‌ను సంతలో కొనవద్దు. దానికి ఏ దెబ్బ తగిలిందో మనకు తెలియదు.

ప్రియులారా, ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు భక్తుడు రక్షణను శిరస్త్రాణంతో పోల్చాడు. సిపాయికి శిరస్త్రాణం ప్రాణంతో సమానమని ఎరిగినవాడు గనుకనే ఆ పోలిక ఎన్నుకున్నాడు. ఆత్మకు ఆ శిరస్త్రాణాన్ని దేవుడు ఉచితంగా ఇచ్చాడు. దేహానికి కావలసినది మన చేతికి అందేలా ఉంచాడు. రెండూ గోడకు తగిలించుకొనుటకు కాదు, ధరించుటకే. వచ్చే ఆదివారం మందిరానికి బయలుదేరే ముందు తల వంచి ప్రార్థన చేయండి. ప్రార్థన ముగిసిన తరువాత, అదే తలకు హెల్మెట్ పెట్టి పట్టీ బిగించండి. మీ వెనుక కూర్చున్నవారికి కూడా.

మీ ప్రయాణములన్నిటిలో ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.